ఆ ఫిల్మ్ నాది కాదనుకున్నాం

గట్టెక్కావు అంటున్నారు అందరూ. బస్సు ఎక్కిన తెలిసిన మొహమల్లా అదే మాట. నేను నవ్వి, టికెట్టు చేతిలో పెట్టి ముందుకు పోతాను. గట్టెక్కానో, గట్టు మీద ఒక కాలు మాత్రమే పెట్టానో నాకే తెలియదు. కొన్ని నెలలకొకసారి స్కానింగుకు పోవాలి. దానికి ముందు వారమంతా ముద్ద దిగదు, ఇంట్లో అందరి మీదా చిటపటలాడుతుంటాను. అయినా ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది కాబట్టి రాస్తున్నాను. రాస్తే నా మనసు కుదుటపడుతుందని ఒక ఆశ. మాలాగా అతితెలివికి పోయి ఆలస్యం చేసేవాళ్ళు ఉంటే, ఇది చదివి ముందే మేల్కొంటారని ఇంకో ఆశ.

నా పేరు సరోజ. మంథని నుంచి పెద్దపల్లి మీదుగా కరీంనగర్ పోయే బస్సులో కండక్టరును. మా ఆయన మల్లేశం కాలిపోయిన బావి మోటార్లకు వైండింగ్ చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో కొన్నేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. నా తమ్ముడు రమేశ్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. కూతురు కావ్య కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. నన్ను కన్న అవ్వ మా దగ్గరే ఉంటుంది. నోరు పెద్దదని డిపోలో నాకు పేరుంది. అది నిజమే.

నిరుడు ఎండాకాలం

మొదట అలసట. రోజంతా నిలబడి చేసే పనిలో అలసట ఎవరికి లేదని పట్టించుకోలేదు. తరువాత బస్సు మెట్లు ఎక్కితే ఆయాసం. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండేది. కుడి డొక్క కింద ఏదో బరువు. మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు అక్కడ నొక్కి చూసి కార్జం, అదే లివరు, వాచిందన్నాడు. కుడి పక్కన ఉండేది కార్జమే కదా, ఆయనను అనడానికి ఏమీ లేదు. అవ్వ పచ్చకామెర్లనుకుని ఆకుపసరు తాగించింది. ఉప్పూ కారం లేని తిండి పెట్టింది. నేను ఇంకా నీరసపడ్డాను.

ఒకరోజు బస్సులో చిల్లర ఇస్తూ ఇస్తూ కళ్ళు తిరిగి పడిపోయాను. ప్రయాణికులే సీట్లో పడుకోబెట్టి నీళ్ళు చల్లారు. డ్రైవరు బస్సును తిన్నగా కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ముందు ఆపాడు. ఒంట్లో రక్తం లేదన్నారు, ఎక్కించారు, స్కానింగు రాశారు.

ఆ ఫిల్మును డాక్టరు చాలాసేపు చూశాడు. కుర్రవాడే, కానీ నెమ్మదిగా చెప్పాడు. కడుపు గోడకు గడ్డ ఉందని, అది తరచుగా వచ్చే రకం కాకపోవచ్చని అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పుట్టుకతోనే నా లోపల అన్నీ అటువి ఇటు ఉన్నాయట. గుండె కుడి పక్కన, కార్జం ఎడమ పక్కన, కడుపు కుడి పక్కన. ఇలా కోట్లలో ఎక్కడో ఒకరికి కాదు, అప్పుడప్పుడూ కనబడుతుందని, దానివల్ల రోగమేమీ లేదని, కానీ ఆపరేషన్ చేసేవాళ్ళకు తెలిసి ఉండాలని, వెంటనే హైదరాబాద్ పొమ్మని చెప్పాడు. నాకు గడ్డ అన్న మాట వినబడింది, ఆ తరువాతది ఏదీ చెవికెక్కలేదు. మల్లేశానికి గుండె కుడి పక్కన అన్న మాట వినబడింది. ఆయనకూ ఆ తరువాతది ఎక్కలేదు.

మా ఇళ్ళల్లో ఛాతి ఎక్స్‌రే చూడనివాళ్ళు లేరు. గల్ఫ్‌కు పోవాలంటే మెడికల్ పాస్ కావాలి. ఛాతిలో మచ్చ కనబడితే వీసా పోతుంది. అందుకని పాసైన ఎక్స్‌రేను పెళ్ళి ఫోటోలాగా దాచుకుంటారు. మల్లేశం ఇంటికి రాగానే బీరువా పైనుంచి తన పాతది తీశాడు. కిటికీకి అడ్డంగా రెండింటినీ పక్కపక్కన పెట్టి పట్టుకున్నాడు. ఎంతసేపు చూశాడో.

"గుండె ఎడమ దిక్కుంటది. లోకం మొత్తానికి గట్లనే ఉంటది. గిండ్ల కుడి దిక్కున్నది. పేరు సీదాగనే రాసున్నది, ఫిల్మ్ ఉల్టా పట్టుకున్నది గూడ కాదు. సరోజా, గిది నీది కాదు. ఎవలదో తెచ్చి నీ పేరేసిండ్రు."

తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించాం. వాడు నాలుగైదు సార్లు మెడికల్‌కు పోయినవాడు, మాలో అందరికన్నా పెద్ద డాక్టరు. చూసీ చూడగానే బావ మాటే నిజమన్నాడు. మరి డాక్టరు అట్లా ఎందుకు చెప్పాడని నేను అడిగితే, స్కానింగు వాళ్ళ తప్పును కప్పిపుచ్చడానికి అన్నాడు. గుండె కుడి పక్కన ఉన్న మనిషి ఎక్కడైనా ఉంటాడా అక్కా అని నవ్వాడు. కావ్య మాత్రం ఇంకోచోట తీయిద్దామమ్మా అంది. తీయిద్దాంలే అన్నాం. ఆ తీయిద్దాంలే వారం దాటింది, ఇంకో వారం దాటింది. నిజం చెప్పాలంటే ఇంకోచోట తీయించుకోవాలని నాకే లేదు. చేతికి దొరికిన సంతోషాన్ని మళ్ళీ తీసుకుపోయి ఎవరి ముందు పెట్టను?

ఆ ఫిల్మ్ ఎవరిదో పాపం అని నేను జాలిపడ్డాను. ఆ మనిషికి గడ్డ ఉన్న సంగతి తెలుసో లేదో, చెప్పేవాళ్ళు ఉన్నారో లేరో అని అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ తెలియని మనిషి కోసం కూడా దేవుడికి దండం పెట్టింది.

నా గండం తప్పిందని వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది కూడా అవ్వే. మా దిక్కు ఏ కష్టం గడిచినా కోడె మొక్కు ఉంటుంది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి రావడం. ఆ రోజు ఎండ మండిపోతోంది. పలుపు నేనే పట్టుకున్నాను. సగం దూరం వచ్చేసరికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. కోడె నన్ను లాక్కుపోతోంది గానీ నేను దాన్ని నడిపించడం లేదు. ఎవరో పలుపు అందుకున్నారు. నేను రాతి మీద కూలబడిపోయాను. దేవుడు పూనాడనుకుని ఇద్దరు ఆడవాళ్ళు నాకు దండం పెట్టి పోయారు. మల్లేశం మాత్రం నా చెయ్యి పట్టుకుని గోళ్ళ వంక చూస్తున్నాడు. అవి సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

ఇంటికి వచ్చాక ఆయన అవ్వను పక్కింటికి పంపించి, "జర సీదగ పండుకో" అన్నాడు. మోటారు బేరింగు పోయిందో లేదో తెలుసుకోవడానికి మా ఆయన స్క్రూడ్రైవర్ ఒక కొస మోటారుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. అట్లాగే కళ్ళు మూసుకుని నా ఎడమ రొమ్ము మీద చెవి పెట్టాడు. విన్నాడు. ఆయన తల బరువు నాకు తెలుస్తోంది. తరువాత తల కుడి వైపుకు జరిపాడు. ఇక అక్కడినుంచి లేవలేదు.

ఏమైందని అడిగాను.

"గీడున్నది" అన్నాడు. "గీడనే కొట్టుకుంటున్నది, సరోజా."

నా జాకెట్టు తడిసింది. అప్పుడు గాని నాకు తెలియలేదు ఆయన ఏడుస్తున్నాడని. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ వైపు ఎప్పుడూ చెవి పెట్టలేదు, నేను చెయ్యి పెట్టి చూసుకోలేదు. గుండె దడదడలాడిన రోజులు ఎన్నో ఉన్నాయి, ఎటువైపు ఆడుతోందని ఎవరు చూస్తారు? మేం జాలిపడ్డ ఆ మనిషి నేనే. అటువంటి భయం నేను అంతకు ముందు ఎరగను.

వానకాలం

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. పేరు రాయను. అక్కడ వెయిటింగ్ హాలులో కుర్చీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకరు కాలు కదిపితే వరసంతా కదులుతుంది. ఎవరి భయం ఎవరిదో తెలియకుండా అందరం కలిసి ఊగుతుండేవాళ్ళం.

నన్ను చూసిన సర్జన్ ఒక పెద్దావిడ. డాక్టరమ్మ అనే పిలిచేదాన్ని. ఈ గడ్డ అరుదైన రకమని, అందరికీ ఎక్కించే కీమో దీని మీద పనిచేయదని చెప్పింది. ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ గడ్డలో ఏ మార్పు ఉందో దాన్నిబట్టి దీనికి ఇచ్చే మాత్ర పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. పనిచేస్తే చిన్నదయ్యేదాకా ఆగి, అప్పుడు కోస్తారు. మీకు ఏం చేయాలన్నది ఒక్కరు తేల్చేది కాదమ్మా, నలుగురం కూర్చుని మాట్లాడుకోవాలి అంది.

నేను ఉన్నదున్నట్టు అడిగేశాను. "మేడం, గిట్ల ఇంతకుముందు ఎవరికన్న చేసిండ్రా?"

ఆవిడ దాచకుండా చెప్పింది. "ఈ రకం గడ్డలు తీశానమ్మా. అవయవాలు తిరగబడి ఉన్న మనిషికి పిత్తాశయం ఆపరేషన్ ఒకటి చేశాను. రెండూ కలిసి ఒకే మనిషిలో ఇప్పటిదాకా చూడలేదు."

"అంటే నా మీద నేర్చుకుంటరా?"

మల్లేశం నా మోచెయ్యి గిల్లాడు. డాక్టరమ్మకు కోపం రాలేదు. "నేర్చుకుంటాం. కానీ మీ మీద చెయ్యి వేయకముందే నేర్చుకుంటాం" అంది.

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ధైర్యంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం నాకు ఒకటే అర్థమయింది, నా ముందు ఈ దారిలో పోయి తిరిగి వచ్చినవాళ్ళు ఎవరూ లేరని. రోగం వచ్చినవాళ్ళు ఫలానా ఆమెకు నయమయిందట అని చెప్పుకుని బతుకుతారు. నాకు ఆ ఫలానా ఆమె లేదు.

ముక్క పరీక్ష రావడానికి వారాలు పట్టింది. ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోలేని రోజులవి. నాట్ల సమయం, రైతుల మోటార్లు కాలి దుకాణం ముందు వరసగా పడి ఉన్నాయి. మల్లేశం షట్టరు తీయలేదు. నాదే తప్పు, నాదే తప్పు అని గోడకు చెప్పుకుంటూ కూర్చునేవాడు. మొదట ఓదార్చాను. తరువాత విసుగొచ్చి, "నీ తప్పుకు ఏడ్చుడు నాకు ఇంకో డ్యూటీ అయింది, పొయ్యి మోటార్లు జూసుకో" అని కసిరాను. రమేశ్ మస్కట్ నుంచి ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేసేవాడు. కావ్య ఇంకోచోట తీయిద్దామని తాను చెప్పిన మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

షహీన్ పరిచయమైంది ఆ హాలులోనే. ఆదిలాబాద్‌లో గాజుల దుకాణం వాళ్ళది. ఆమెకు దవడ ఎముకలో గడ్డ, అదీ అరుదైనదే. మాట్లాడితే నొప్పి, అయినా మాట్లాడకుండా ఉండలేదు. చేతిరుమాలు దవడకు ఆనించుకుని, తన డబ్బాలో మెత్తగా పిసికిన పెరుగన్నం నాకు సగం పెట్టేది. నాకంటే చిన్నది, అక్కా అనేది. "ఫికర్ జెయ్యకక్కా. మనం ఇద్దరం మస్త్ కీమతి ఉన్నం. మనలాంటి పీసులు దొరకయ్ వీళ్ళకు" అని నవ్వించింది. ఆ హాలులో నేను నవ్వింది ఆమె వల్లే.

మాత్ర పనిచేసే రకమేనని ఫలితం వచ్చిన రోజు కూడా ఆమె పక్కనే ఉంది. ఆమెకు మాత్రం సరిపోయే మాత్ర ఏదీ తేలలేదని నాకు తరువాత తెలిసింది. ఆ రోజు నాతో చెప్పలేదు.

బతుకమ్మ పండుగనాటికి

మాత్ర వేసుకుంటే పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బిపోయేవి. కడుపులో తిప్పేది, కాళ్ళు కొంకర్లు పోయేవి. మా వీధిలో బతుకమ్మ ఆడుతుంటే నేను గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సరోజ పాట లేకుంటే ఎట్లా అని వచ్చి పిలిచారు. రానన్నాను. వచ్చే ఏడు ఈ కుర్చీలో నేను ఉంటానా అన్న ఆలోచన వచ్చాక పాట ఎట్లా వస్తుంది?

గడ్డ చిన్నదయింది. మళ్ళీ తీసిన స్కానింగు చూసి డాక్టరమ్మ సంతోషపడింది. చలికాలంలో కోద్దామంది. నన్ను చూడడానికి చదువుకునే కుర్ర డాక్టర్లు గుంపుగా వచ్చారు. ఒక్కొక్కరు కుడి పక్కన గుండె విని, కళ్ళు పెద్దవి చేసి పోతున్నారు. నన్ను ఎగ్జిబిషన్‌లో పెట్టినట్టుంది. అందులో ఒక అమ్మాయి, అప్పుడే నా పేరూ సంగతీ అంతా విన్నదే, వచ్చి గొట్టం ఎడమ పక్కన పెట్టింది. మరుక్షణం నాలుక కరుచుకుని కుడి పక్కకు జరిపింది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి సారీ ఆంటీ అంది.

నేను నవ్వలేకపోయాను. ఆ చిన్న పొరపాటు నా లోపల ముల్లులా దిగింది. అలవాటు అంటే ఏమిటో నాకు తెలుసు. రోజూ ఆగే స్టేజీ వస్తే నేను చూడకుండానే నా చెయ్యి బెల్లు తాడు మీదికి పోతుంది. వాళ్ళ చేతులు వేలమంది కడుపులు కోసిన చేతులు. నేను మత్తులో పడి ఉన్నప్పుడు, గంటలు గడిచి అలిసిపోయిన వేళ, ఎవరో ఒకరి చెయ్యి అలవాటుగా తప్పు వైపు పోతే? మెలకువలో ఉన్న నా ముందే పోయింది కదా. డాక్టరమ్మ నా కడుపు లోపలి నరాలన్నీ అచ్చు పోసిన ప్లాస్టిక్ బొమ్మ చూపించింది. ఆ బొమ్మ మీద టీమంతా నిలబడి ఎవరు ఎటు ఉండాలో చూసుకుంటున్నామని చెప్పింది. తల ఊపాను. భయం మాత్రం పోలేదు. గడ్డ కన్నా ఆ చెయ్యే నన్ను ఎక్కువ భయపెట్టింది.

షహీన్‌కు చెప్పాను. అప్పటికి ఆమె మాట సరిగా వచ్చేది కాదు, ఒక్కో ముక్కా కూడదీసుకుని అంది. "నువ్వు బస్ల టికెట్ టికెట్ అని మొత్తుకుంటవ్ గద అక్కా. గట్లనే ఆపరేషన్ థేటర్ల మొత్తుకో. మత్తు ఇచ్చేదాంక నోరు నీదే."

చలికాలం

ఆపరేషన్ నాడు పొద్దున మల్లేశం నాతో లిఫ్టు దాకా వచ్చాడు. పోయి రా అనలేక, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అవి నా చెప్పులు. కావ్య నా నుదుటి మీద ముద్దు పెట్టింది.

లోపల చలి. పైన పెద్ద దీపాలు. ముక్కుకు మూతికి గుడ్డలు కట్టుకుని చాలామంది ఉన్నారు, డాక్టరమ్మను గొంతును బట్టే గుర్తుపట్టాను. నేను అడగకముందే ఆవిడ అందరినీ పని ఆపమంది. "సరోజమ్మా, మీ లోపల ఏది ఎక్కడుందో వీళ్ళకు మీరే చెప్పండి" అంది.

రాత్రంతా మనసులో చెప్పుకున్న మాటలు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అరవై మంది ఉన్న బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు నాది. వెనక నుంచి ఎవరో వినబడలేదమ్మా అన్నారు. అప్పుడు ఏడుపు వచ్చింది, ఏడుపుతోపాటే గొంతూ వచ్చింది.

"నా గుండె కుడి దిక్కున్నది. కార్జం ఎడమ దిక్కున్నది. గడ్డ కుడి దిక్కున్నది. మరువకుండ్రి బిడ్డా, ఎవ్వలు మరువకుండ్రి. నాకు బతకాలని ఉన్నది."

డాక్టరమ్మ అదే మాటను ఒక్కొక్కరి చేతా చెప్పించింది. ఒకరి తరువాత ఒకరు, గుండె కుడి, కార్జం ఎడమ అని చెబుతున్నారు. ఎవరో నా కుడి రొమ్ము మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. వెచ్చగా ఉంది. ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి నొప్పి. నొప్పి ఉందంటే ఉన్నట్టే కదా అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. గడ్డ మొత్తం వచ్చిందన్నారు. మాత్ర మాత్రం కొన్నేళ్ళు వేసుకోవాలి. మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

మంచం దిగిన మొదటి రోజే షహీన్‌కు ఫోన్ చేశాను, మొత్తుకున్నానని చెబుదామని. స్విచాఫ్. మర్నాడూ అంతే. వాళ్ళ దుకాణం ఎక్కడో కనుక్కోవడం పెద్ద పని కాదు, ఆదిలాబాద్ బస్సు కండక్టర్లు నాకు తెలుసు. కానీ కనుక్కోలేదు. తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

ఈ ఎండాకాలం

డ్యూటీలో చేరాను. నెల కిందట డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. మా దిక్కు మనిషే ఒకాయన, మహదేవ్‌పూర్ అవతల రైతు, వచ్చాడట. లోపల నాలాగే తిరగబడి ఉంది, గడ్డ వేరే రకం. ఇట్లా ఎవరికన్నా చేశారా అని అడిగితే, మంథని ఆమెకు చేశానని చెప్పిందట. ఆయన ఆలోచించుకుని వస్తానని ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. మీ నంబరు ఇవ్వనా అని అడిగింది.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేశాడు.

"నిజంగనే ఉన్నరామ్మా? నాకు ధైర్యం చెప్పనీకె ఉత్తగనే చెప్పిండ్రనుకున్న."

"ఉన్ననయ్యా" అన్నాను. "డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఇప్పుడే."

భయం పోతదా అని అడిగాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పోలేదన్నాను. భయంతోనే పోయి భయంతోనే వచ్చానన్నాను. ఆలస్యం చేసిన రోజులకే ఇప్పటికీ ఎక్కువ భయపడుతున్నానని కూడా చెప్పాను. తెల్లారి పొద్దున మంథని నుంచి పోయేది నా బస్సేనని, కరీంనగర్‌లో హైదరాబాద్ బస్సు నేనే ఎక్కిస్తానని చెప్పాను. ఆయన సరే అనలేదు, కాదూ అనలేదు.

తెల్లారి బస్టాండులో వేళ దాటిపోయింది. ప్రయాణికులు గొణుగుతున్నారు, డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను బస్సు కదలనివ్వలేదు. రాడేమోనని మెట్టు మీద నిలబడి దారి వైపే చూస్తున్నాను. అప్పుడు గేటు దగ్గర ఒక సన్నటి మనిషి, వెనకాల భార్య, ఆమె చంకలో తెల్లటి పెద్ద కవరు. ఆయన నేరుగా నా ముందుకు వచ్చి ఆగాడు. నమస్తే పెట్టలేదు, పేరు అడగలేదు. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, నిజంగానే ఉన్నానని నమ్మకం కుదిరాక బస్సు ఎక్కాడు.